వార్డు బయట నర్సు: బాధ్యత ఎవరిది? బీమా అవసరమా?

విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు సాగే జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం తిరువూరు. ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాల ఆడపిల్లలు విజయవాడలోనో, ఖమ్మంలోనో నర్సింగ్ చదవడం ఇప్పుడు వింత కాదు. చదువు పూర్తయ్యాక తల్లిదండ్రుల ఆలోచన తరచు ఒకే దారిలో నడుస్తుంది. రాత్రి డ్యూటీలు వద్దు, వార్డు పని వద్దు, కూర్చుని చేసే పని ఏదైనా దొరికితే మేలు. అలా మన బిడ్డలు ఆసుపత్రి ఇన్సూరెన్స్ విభాగంలో, క్వాలిటీ విభాగంలో, నర్సింగ్ కళాశాలలో, ఫోనులో ఆరోగ్య సలహాలిచ్చే కేంద్రాలలో, హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ కార్యాలయాలలో కుదురుకుంటున్నారు.

ఇటువంటి ఉద్యోగం దొరికినప్పుడు ఇంటిల్లిపాదీ తేలికగా ఊపిరి పీల్చుకుంటారు. మా పిల్ల సూది పట్టదు, మందు వేయదు, ఇక ఆమె మీదికి ఏ కేసు వస్తుంది అని ధీమాగా ఉంటారు. ఈ ధీమా ఎంతవరకు సబబు? వార్డు బయట పనిచేసే నర్సు తన పేరు మీద విడిగా వృత్తి బాధ్యతా బీమా తీసుకోవాలా? తీసుకుంటే షరీఅత్ దృష్టిలో దాని స్థానమేమిటి? మా వద్దకు వచ్చే కుటుంబాలు అడుగుతున్న ఈ ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మాట చేసిన గాయం

నర్సు సేవకు ఇస్లామీయ చరిత్రలో గౌరవప్రదమైన స్థానం ఉంది. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ని మస్జిదె నబవీలోని గుడారంలో ఉంచి సేవ చేసిన మహిళగా రుఫైదా అస్లమియా (రజి) పేరు గ్రంథాలలో నిలిచింది. ఆ గౌరవంతోపాటు బాధ్యత కూడా వస్తుంది. ఆ బాధ్యత చేతితో చేసే పనికే పరిమితమా, నోటి మాటకూ వర్తిస్తుందా అన్నది ఇక్కడ అసలు విషయం.

అబూదావూద్ హదీసు సంకలనంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ తరువాత అతనికి గుసుల్ విధి అయింది. నీటికి బదులు తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు తనకుందా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు అందుబాటులో ఉండగా వెసులుబాటు లేదని వారు చెప్పారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) అతని మరణానికి ఆ సలహాదారులనే కారకులుగా ఎంచి తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని, అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు.

ఈ సంఘటనలో ఎవరూ గాయాన్ని తాకలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. అడిగినవాడు నమ్మాడు, చెప్పినవారు తెలియకుండా చెప్పారు. వారిపై పరిహారం విధించినట్లు ఆ ఉల్లేఖనంలో లేదు. అయినా ప్రాణాపాయంలో ఉన్నవాడు నమ్ముకున్న మాట ఎంత బరువైనదో దీని ద్వారా మనకు బోధపడుతుంది. ఫోనులో సలహా చెప్పే నర్సుకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి ఉండదు.

ఫిఖహ్ పండితులు నష్టం కలిగించేవారిని రెండు తరగతులుగా విభజించారు. స్వయంగా ఆ పని చేసినవాడు ముబాషిర్. నష్టానికి దారి తీసే కారణాన్ని కల్పించినవాడు ముతసబ్బిబ్. ముబాషిర్ ఉద్దేశం లేకపోయినా బాధ్యుడే. ముతసబ్బిబ్ మాత్రం హద్దు మీరినప్పుడే బాధ్యుడవుతాడు. ఉస్మానియా రాజ్యంలో 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన న్యాయస్మృతి ‘మజల్లా’లో కూడా ఈ సూత్రాలున్నాయి. మదర్సాలలో దీనికి చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ బావి. నలుగురూ నడిచే బాటలో అధికారుల అనుమతి లేకుండా ఒకడు బావి తవ్వాడు. అందులో ఎవరైనా పడి మరణిస్తే, అతను ఎవరినీ తోయకపోయినా బాధ్యుడే. అదే అనుమతితో, తగిన విధంగా తవ్వి ఉంటే అతనిపై బాధ్యత లేదు.

ఈ ఉదాహరణను మన బిడ్డల ఉద్యోగాలకు అన్వయించి చూడండి. పడక దగ్గర సూది వేసే నర్సు ముబాషిర్ స్థానంలో ఉంది. కార్యాలయంలో కూర్చున్న నర్సు ముతసబ్బిబ్ స్థానంలో ఉంది. ఆమె బాధ్యత తక్కువే గాని, లేకుండా పోలేదు. తనకు అప్పగించిన పరిధిలో, తగిన శ్రద్ధతో పనిచేసినంత కాలం ఆమె అనుమతితో బావి తవ్విన మనిషి వంటిది. పరిధి దాటిన నాడు, శ్రద్ధ వదిలిన నాడు అనుమతి లేని బావి తవ్వినట్లే.

మన దేశపు న్యాయస్థానాలు ఏమన్నాయి?

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో తేల్చింది. అందరికీ పూర్తి ఉచితంగా సేవలందించే ఆసుపత్రులు ఆ చట్టం పరిధిలోకి రావు. అంతమాత్రాన ప్రభుత్వ ఆసుపత్రులకు బాధ్యత లేదని కాదు. సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వం పరిహారం చెల్లించవలసిందేనని 1996లో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో అదే న్యాయస్థానం చెప్పింది.

నర్సుల విషయంలో తప్పక తెలుసుకోవలసినది 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు. ఢిల్లీలోని ఆ ఆసుపత్రిలో టైఫాయిడ్‌తో చేరిన పసివాడికి ఒక నర్సు నరంలోకి ఇంజెక్షన్ ఇచ్చింది. బాలుడి గుండె ఆగింది. ప్రాణం నిలిచినా మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆమె తగిన అర్హత గల నర్సు కాదని విచారణలో తేలింది. బాలునికి 12.5 లక్షల రూపాయలు, తల్లిదండ్రులకు 5 లక్షలు చెల్లించాలన్న తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. సిబ్బంది చేసిన తప్పుకు ఆసుపత్రి బాధ్యురాలని చెప్పింది. మన చర్చకు ఇంకొక అంశం మరింత ముఖ్యం. పెద్ద వైద్యుడు స్వయంగా ఇవ్వమని చెప్పిన ఇంజెక్షన్‌ను నర్సుకు వదిలేసిన రెసిడెంట్ వైద్యుని నిర్లక్ష్యాన్ని కూడా న్యాయస్థానం తప్పుబట్టింది. సూది పట్టింది ఆయన కాదు. పనిని తగనివారికి అప్పగించడమే ఆయన నిర్లక్ష్యమయింది. రోజూ డ్యూటీలు వేసే నర్సింగ్ సూపరింటెండెంట్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

మన దేశంలో ఫిర్యాదుదారులు సాధారణంగా ఆసుపత్రినీ, వైద్యులనూ ప్రతివాదులుగా చేరుస్తారు. నర్సును విడిగా చేర్చడం అరుదు. అయితే యజమాని బాధ్యత వహించినంత మాత్రాన ఉద్యోగి బాధ్యత చట్టంలో చెరిగిపోదు. పరిహారాన్ని వ్యక్తుల మీద కూడా విభజించవచ్చు. 2013లో కలకత్తాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయల పరిహారం నిర్ణయించి, అందులో ఇద్దరు వైద్యులు పదేసి లక్షలు, మరొకరు 5 లక్షలు సొంతంగా చెల్లించాలని ఆదేశించింది.

క్రిమినల్ చట్టంలో మరొక తేడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 5 సంవత్సరాల దాకా శిక్ష పడవచ్చు. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ వైద్యునికి మాత్రం ఈ గరిష్ఠ శిక్ష 2 సంవత్సరాలే. అక్కడ రిజిస్టర్డ్ వైద్యుడంటే మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవారు. నర్సు ఆ నిర్వచనంలో లేదు.

ఏ పనిలో ఎంత బాధ్యత?

వార్డు బయటి పనులన్నీ ఒక్కటి కావు. తన మాట మీద, సంతకం మీద ఆధారపడి ఎవరికైనా చికిత్స జరుగుతుందా, ఆగుతుందా, మారుతుందా అని ప్రతి నర్సూ తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆ సమాధానాన్ని బట్టి బాధ్యత నిర్ణయమవుతుంది.

ఫోను సలహాలో ఈ బాధ్యత అధికం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన 104 సేవ ద్వారా ఫోనులో ఆరోగ్య సలహా పొందడం మన ప్రజలకు అలవాటైంది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం రోగిని ఫోనులో పరిశీలించి మందు రాసే అధికారం రిజిస్టర్డ్ వైద్యునిదే. నర్సు, ఏఎన్‌ఎం వంటివారు రోగికీ వైద్యునికీ నడుమ సహాయకులు. ఛాతీ నొప్పి అని చెప్పిన మనిషికి గ్యాస్ అయి ఉంటుంది, పొద్దున చూద్దాం అని నర్సు సొంతంగా చెబితే ఆమె ఆ హద్దు దాటినట్లే.

ఇన్సూరెన్స్ విభాగంలో, ముందస్తు అనుమతులు చూసే చోట పని కాగితాలతోనే. కాని ఆ కాగితం వెనుక రోగి ఉన్నాడు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1986లో తీర్పు వచ్చిన విక్లైన్ కేసు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. శస్త్రచికిత్స అయిన ఒక మహిళను మరి 8 రోజులు ఆసుపత్రిలో ఉంచాలని వైద్యుడు కోరాడు. ప్రభుత్వ ఆరోగ్య పథకం తరఫున దరఖాస్తు చూసిన నర్సు దానిని తాను ఆమోదించలేనని తలచి పథకపు వైద్య సలహాదారును సంప్రదించింది. ఆయన 4 రోజులకే అనుమతించాడు. ఇంటికి వెళ్ళాక ఆమె పరిస్థితి విషమించి కాలు తీసివేయవలసి వచ్చింది. ఇంటికి పంపే నిర్ణయం చికిత్స చేసిన వైద్యులదేనంటూ న్యాయస్థానం ఆ పథకాన్ని బాధ్యత నుంచి తప్పించింది. అయితే ఖర్చు తగ్గించే ఏర్పాటులోని లోపాల వల్ల రోగికి హాని జరిగితే, డబ్బు చెల్లించే సంస్థ కూడా బాధ్యత వహించవలసి రావచ్చని హెచ్చరించింది. ఆ నర్సు తన అధికారానికి మించిన విషయాన్ని పైవారికి నివేదించింది. తన పరిధిలో నిలవడమంటే ఇదే.

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, క్వాలిటీ విభాగపు నర్సు రాసే నివేదికలు, నర్సింగ్ ట్యూటర్ విద్యార్థినులను వార్డుకు తీసుకువెళ్ళి చేయించే పనులు మధ్య స్థాయిలో ఉంటాయి. చికిత్స ముగిసిన తరువాత రికార్డులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్ పనిలో రోగి శరీరానికి నేరుగా హాని కలిగే అవకాశం స్వల్పం. అక్కడ జరిగే తప్పు ఎక్కువగా డబ్బుకూ, రోగి రహస్యాలకూ సంబంధించినది.

వెనుక నిలిచేది ఎవరు?

పొరపాటున ప్రాణం పోయినప్పుడు రక్త పరిహారం చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరా 92వ ఆయత్ ఆదేశిస్తుంది. ఆ భారాన్ని ఒక్క మనిషి మీదనే వేయకుండా అతని బంధువర్గం పంచుకునే ఏర్పాటును షరీఅత్ కొనసాగించింది. ఆ వర్గానికి ఆఖిలా అని పేరు. మొత్తాన్ని మూడేళ్ళలో చెల్లించే వెసులుబాటు కూడా ఇచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో దీవాన్‌ను, అంటే జీతభత్యాల రిజిస్టరును ఏర్పరచారు. ఆ తరువాత అందులో పేరున్నవారికి తోటి సభ్యులే ఆఖిలాగా పరిగణించబడ్డారు. హనఫీ పండితులు ఈ నిర్ణయం నుంచి ముఖ్యమైన అంశాన్ని గ్రహించారు. మనిషికి ఎక్కడ పరస్పర సహకారం లభిస్తుందో అక్కడే అతని ఆఖిలా. వంశం నుంచి వృత్తికి, ఉద్యోగ వర్గానికి ఆ బంధం మారవచ్చు.

ఈ దృష్టితో చూస్తే నర్సు అడగవలసిన మొదటి ప్రశ్న బీమా కంపెనీని గురించి కాదు. నా ఆఖిలా ఎవరు? నాపై నోటీసు వస్తే ఈ సంస్థ నా వెనుక నిలుస్తుందా? పెద్ద ఆసుపత్రులు వృత్తి బాధ్యతా బీమా తీసుకుంటాయి. అందులో సిబ్బంది ఉన్నారా, ఉంటే ఏ ఉద్యోగాలవారు ఉన్నారు అన్నది పాలసీ పత్రం చూస్తే గాని తెలియదు. అప్పు లావాదేవీని రాతలో పెట్టమని అల్‌బఖరా సూరా 282వ ఆయత్ మనకు నేర్పింది. కనుక ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగాలి.

మొదటిది, ఆసుపత్రి పాలసీలో నా ఉద్యోగం పేరు ఉందా? కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి అది వర్తిస్తుందా?

రెండవది, నా మీద వ్యక్తిగతంగా కేసు వస్తే వకీలు ఖర్చు ఎవరు భరిస్తారు? సంస్థ చెల్లించిన పరిహారాన్ని తిరిగి నా నుంచి వసూలు చేస్తుందా?

మూడవది, నేను ఉద్యోగం మానిన తరువాత పాత విషయంపై నోటీసు వస్తే ఏమవుతుంది? ఇది చాలామంది తలచని ప్రశ్న. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2 సంవత్సరాల గడువుంది. ఈ తరహా పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన నాడు అమలులో ఉంటేనే పనిచేస్తాయి. ఈ లోగా మన పిల్లకు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళి ఉండవచ్చు, ఆసుపత్రి పాలసీ మారి ఉండవచ్చు.

నాలుగవది, నా పని పరిధి ఏమిటి? నియామక పత్రంలో లేని పని చెప్పినప్పుడు రాతపూర్వకమైన ఆదేశం ఇస్తారా?

ఎవరికి సొంత పాలసీ కావాలి?

పై ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానాలు రాతలో లభించినవారికి, కోడింగ్ వంటి పనులు చేసేవారికి విడిగా పాలసీ అత్యవసరం కాదని మా అభిప్రాయం. ప్రభుత్వ ఉద్యోగినులు తమ శాఖ నిబంధనలు తెలుసుకుంటే చాలావరకు సరిపోతుంది.

సొంతంగా ఆరోగ్య సలహాలు ఇచ్చేవారు, ఏజెన్సీల ద్వారా ఫోనులో పనిచేసేవారు, ఒకే సమయంలో రెండు మూడు సంస్థలకు పనిచేసేవారు, సంస్థ నుంచి రాతపూర్వకమైన హామీ పొందలేనివారు తమ భద్రత తాము చూసుకోవలసిందే. ఉద్యోగ సమయం తరువాత వాట్సాప్‌లో చుట్టుపక్కల వారికి మందులు చెప్పే అలవాటు కూడా ఉంది. ఆసుపత్రి పాలసీ ఉద్యోగంలో భాగమైన పనికే గాని, ఈ సొంత సలహాకు అండగా ఉండదు. దానికి బీమా కంటే మేలైన మందు ఆ అలవాటు మానడం.

సొంత పాలసీ తీసుకునేవారు ఏ తేదీ నుంచి చేసిన పనికి రక్షణ ఉందో, ఒక్క సంఘటనకు, మొత్తం సంవత్సరానికి పరిమితి ఎంతో, తమ చేతి నుంచి ముందుగా ఎంత పెట్టుకోవాలో చూడాలి. తమ అసలు పనిని దరఖాస్తులో ఉన్నదున్నట్లు రాయాలి. నర్సు అని మాత్రం రాసి ఫోను సలహా సంగతి చెప్పకపోతే క్లెయిమ్ నాడు ఆ పాలసీ అక్కరకు రాదు.

విదేశాలకు వెళ్ళే బిడ్డల సంగతి వేరు. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2016 నాటి వైద్య బాధ్యత చట్టం బీమా లేకుండా వైద్యవృత్తి చేయడాన్ని నిషేధించింది. సౌదీ అరేబియా 2005 నాటి చట్టంలో మొదట వైద్యులకు, దంతవైద్యులకు సహకార బీమాను విధిగా చేసి, ఇతర వృత్తులకు విస్తరించే వీలు ఉంచింది. బ్రిటన్‌లో 2014 నుంచి రిజిస్టరయిన ప్రతి ఆరోగ్య వృత్తిదారుకూ బాధ్యతా రక్షణ ఉండాలి. అది యజమాని ద్వారా లభించినా సరిపోతుంది. వెళ్ళేముందు ఒప్పందంలో ఈ విషయం చూసుకోవాలి.

షరీఅత్ దృష్టిలో

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ 1985లో ఈ విషయం చర్చించింది. నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో అనిశ్చితి అధికంగా ఉన్నందున అది నిషిద్ధమని, పరస్పర సహకారంపై నడిచే బీమా ధర్మసమ్మతమని తీర్మానించింది. ఈ రెండవ మార్గమే తకాఫుల్. ఆఖిలా ఏర్పాటుకు ఇది చేరువైనదని పలువురు పండితులు భావిస్తారు. మన దేశంలో సామాన్య ఉద్యోగికి అందుబాటులో తకాఫుల్ కంపెనీ లేదు.

కనుక మూడు మెట్లు గుర్తుంచుకోవాలి. యజమాని తన ఖర్చుతో తన బాధ్యత కోసం తీసుకున్న పాలసీలో ఉద్యోగిని పేరు ఉండటం ఆమె సొంతంగా చేసుకున్న ఒప్పందం కాదు. చట్టం విధిగా చేసిన బీమాను నిర్బంధం కారణంగా తీసుకోవడానికి పండితులు అవకాశమిచ్చారు. మన వాహనాల థర్డ్ పార్టీ బీమా అటువంటిదే. ఈ రెండూ కాక, స్వచ్ఛందంగా తీసుకునే పాలసీ విషయంలో అభిప్రాయ భేదం ఉంది. అవసరం ఏ స్థాయిలో ఉందన్న దానిపై తీర్పు ఆధారపడుతుంది. తన ఉద్యోగ స్వరూపం, సంస్థ ఇచ్చిన జవాబులు కాగితం మీద రాసుకుని నమ్మకమైన ముఫ్తీ వద్దకు వెళ్ళాలి. వివరాలు లేని ప్రశ్నకు వివరమైన ఫత్వా రాదు.

మరొక మార్గం మన చేతిలోనే ఉంది. ఒకే ప్రాంతపు నర్సులు, వారి కుటుంబాలు కలిసి తబర్రు, అంటే ఐచ్ఛిక దానం సంకల్పంతో చిన్న సహాయ నిధి ఏర్పరచుకోవచ్చు. అది కోట్ల పరిహారాన్ని మోయలేదు. కాని నోటీసు వచ్చిన నాడు మంచి వకీలును పెట్టుకునేందుకు, ఆ బిడ్డ తన మహర్ నగలు తాకట్టు పెట్టకుండా ఉండేందుకు అండగా నిలుస్తుంది. చట్టం ప్రకారం దాన్ని ఎలా నడపాలో తెలిసినవారిని సంప్రదించి మొదలుపెట్టాలి.

బీమా మోయలేని బరువు

పాలసీ డబ్బు చెల్లించగలదు, వకీలును పెట్టగలదు. జైలు శిక్షను మోయలేదు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పోతే తిరిగి ఇవ్వలేదు. పొరపాటున స్వయంగా ప్రాణం తీసినవానికి పరిహారంతోపాటు ప్రాయశ్చిత్తాన్ని కూడా ఖుర్ఆన్ విధించింది. పరిహారం ఆఖిలా పంచుకుంటుంది. ప్రాయశ్చిత్తం ఆ మనిషిదే. పంచుకోగలిగే బరువూ పంచుకోలేని బరువూ వేరన్న వివేకం ఇందులో ఉంది.

అందుచేత వార్డు బయటి నర్సుకు మొదటి రక్షణ ఆమె సొంత నడవడిక. తెలియని విషయం తెలియదని చెప్పడం, వైద్యుని అడగడం, ఏ సమయాన ఎవరికి ఏమి చెప్పిందో అప్పటికప్పుడు రాసి ఉంచడం, పరిధి దాటిన పనికి మర్యాదగా నిరాకరించడం, తప్పు జరిగితే దాచకుండా వెంటనే పైవారికి తెలపడం. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు నష్టానికి బాధ్యుడన్న ప్రవక్త (స) బోధనను బట్టి, తెలిసినవాడు అనుమతితో, వృత్తి నియమాల ప్రకారం చేసినప్పుడు బాధ్యుడు కాడని పండితులు నిర్ధారించారు. ఈ సూత్రమే ఆమెకు కవచం.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఉద్యోగం వచ్చిందనగానే జీతం ఎంత, బస్సు సౌకర్యం ఉందా, డ్యూటీ ఏ వేళ అని అడుగుతాము. వాటితోపాటు, ఏదైనా జరిగితే నీ వెనుక ఎవరు నిలుస్తారమ్మా అని కూడా అడగండి. ఆ జవాబు రాతలో తెచ్చుకునేందుకు ఆమెకు ధైర్యం చెప్పండి. రోగి ప్రాణం ఆమె చేతిలో అమానత్ అయితే, ఆమె భద్రత మన చేతిలో అమానత్.

రోగుల సేవలో ఉన్న మన బిడ్డలకు అల్లాహ్ సరైన జ్ఞానాన్ని, అడిగి తెలుసుకునే వినయాన్ని, కష్టకాలంలో అండగా నిలిచే మనుషులను ప్రసాదించుగాక! ఆమీన్.